తుపాను వస్తుందో రాదో తేలకుండానే ఊరు ఖాళీ చేయించాలా? పైవాళ్లు ఎలా తేల్చుకుంటారు?

ప్రశ్న: తీరం_సచివాలయం

నేను సముద్రం పక్క మండలంలో గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. పోయిన తుపానుకి పై నుంచి ఆర్డర్ వచ్చింది, లోతట్టు వీధులన్నీ తిరిగి జనాన్ని హైస్కూల్‌కి తరలించాం, తీరా చూస్తే అది దారి మార్చుకుని పైకి వెళ్లిపోయింది, మా ఊళ్లో కాస్త జల్లు తప్ప ఏమీ లేదు. అప్పటి నుంచి ఎవరు కనబడినా అదే మాట: ఊరికే తిప్పారు, కూలి పోయింది, కోళ్లు పోయాయి. సర్పంచ్ గారైతే ఈసారి పక్కా అయితేనే మైకులో చెప్పండి, లేకపోతే నా మాటకి విలువ ఉండదు అంటున్నారు.

పక్కాగా తెలిసేసరికి టైం మిగలదు కదండీ. మరి కలెక్టర్లు, మంత్రులు, ఆ పైవాళ్లు సగం సమాచారంతో ఎలా తేల్చుకుంటారు? ఏదైనా పద్ధతి ఉందా, లేక ఆ పూట ధైర్యాన్ని బట్టేనా? తర్వాత అంచనా తప్పిందని తేలితే జనానికి ఏం చెబుతారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మళ్లీ సీజన్ దగ్గర పడుతోంది, నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది.

పాత_రెవెన్యూ

మీ సర్పంచ్ గారు అడుగుతున్న 'పక్కా' ఎప్పటికీ రాదండి. తీరం దాటడానికి ఒక రోజు ముందు చెప్పిన చోటుకీ, నిజంగా దాటిన చోటుకీ ఇప్పటికీ పదుల కిలోమీటర్ల తేడా రావడం మామూలే, ఆ మాత్రం తేడా చాలు ఉప్పెన మీ ఊరి మీదికి రావడానికో పక్క జిల్లాకి పోవడానికో. వాతావరణ శాఖ మ్యాపులో గీత చుట్టూ పోనుపోను వెడల్పయ్యే ప్రాంతం ఉంటుంది, టీవీ చూసేవాళ్లు గీతనే చూస్తారు, నిర్ణయం తీసుకోవాల్సినవాడు చూడాల్సింది ఆ వెడల్పుని. మీ ఊరు దాని లోపలో, దాని అంచు దగ్గరో ఉందా లేదా అనేది.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు పదివేల మంది దాకా పోయారు. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది, అప్పుడు లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే కదిలించారు, మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. అది కూడా తక్కువేం కాదు, కానీ తేడా చూడండి. 90లో కదిలించినవాళ్ల చేతిలో ఇప్పటిలాంటి అంచనాలు లేవు. ఉన్న సమాచారంతోనే ముందు కదిలారు.

ఇక పద్ధతి అంటారా, నా సర్వీసులో చూసిన మంచి అధికారులందరూ చేసిన పని ఒకటే. 'ఖాళీ చేయించాలా వద్దా' అని ఒకే ప్రశ్నగా పెట్టుకోరు. దాన్ని ముక్కలు చేస్తారు. వాతావరణ శాఖ నాలుగు దశల్లో చెబుతుంది కదా, 72 గంటల ముందు ఒక సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, 12 గంటల ముందు తీరం దాటాక ఏమవుతుందన్న అంచనా. ఒక్కో దశలో, వెనక్కి తీసుకోగలిగే పని ఏదో అది ముందు చేసేయాలి. వేటకెళ్లిన బోట్లను వెనక్కి పిలవడం, జనరేటర్‌కి డీజిల్ పోయించడం, చెట్లు కోసే రంపాలు మండలానికి చేర్చడం, నెలలు నిండిన గర్భిణులను ఆసుపత్రికి పంపడం. ఇవన్నీ తుపాను రాకపోయినా పెద్ద నష్టం లేని పనులు, వీటికి ఎవరి అనుమతి కోసమూ చూడక్కర్లేదు. జనాన్ని కదిలించడం ఒక్కటే బరువైన నిర్ణయం, అందుకని దాన్ని వీలైనంత ఆఖరికి పెట్టుకోవాలి, కానీ ఆ ఆఖరు ఎప్పుడో ముందే గడియారం చూసి రాసిపెట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. తుపాను తీరం దాటే టైం నుంచి వెనక్కి లెక్కేస్తారు. అలా కాదు, గాలి పెరిగి బస్సు, ట్రాక్టరు నడవలేని టైం నుంచి వెనక్కి లెక్కేయాలి, అది తీరం దాటడానికి చాలా గంటల ముందే వస్తుంది. మధ్యలో చీకటి పడేట్టయితే సాయంత్రం వెలుతురు పోయే టైం నుంచి లెక్కేయాలి. మీ ఊళ్లో కదిలించాల్సినవాళ్లు ఎంతమంది, బండ్లు ఎన్ని, ఒక ట్రిప్పుకి ఎంతసేపు పడుతుంది, ఇది లెక్కేస్తే ఒక గంట తేలుతుంది. ఆ గంటకి మీ ఊరు ఇంకా ఆ వెడల్పు లోపలో అంచు దగ్గరో ఉంటే కదలాలి, దానికి బాగా దూరమైపోతే ఆగాలి. ఇంకో బులెటిన్ చూద్దాం అనే మాటకి ఆ తర్వాత చోటు లేదు.

వరి_గోదావరి

పాత_రెవెన్యూ గారు చెప్పింది బాగుంది కానీ రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. 'ఖాళీ చేయించాక రాకపోతే పోయేది కూలి డబ్బులు, ఖాళీ చేయించకపోతే పోయేది ప్రాణాలు' అనే లెక్క వినడానికి బాగుంటుంది, కాదనలేం కూడా, కానీ ఆ లెక్కతో ప్రతిసారీ అందరినీ కదిలించేయొచ్చు, అప్పుడు నాయకుడు ఆలోచించాల్సిన పనే లేదు. ఆ ఖర్చు కట్టేది ఆయన కాదు. నాటుకోళ్లు పెంచుకునే ముసలామె, కౌలు రైతు, రోజు కూలీ.

2013 నవంబరు గుర్తు తెచ్చుకోండి. హెలెన్ తుపాను మచిలీపట్నం దక్షిణాన తీరం దాటి వారం కూడా కాలేదు, వరి కోతల టైం, చేలో ఒరిగిన పంట ఇంకా తీయనే లేదు, అంతలో లెహర్ అని ఇంకా పెద్దది వస్తోందన్నారు. అతి తీవ్ర తుపాను స్థాయికి చేరిన మాట నిజమే. మళ్లీ జనాన్ని తరలించారు. అది సముద్రంలోనే బలం కోల్పోయి నవంబరు 28న మచిలీపట్నం దగ్గర ఉత్త వాయుగుండంగా తీరం దాటింది. 2021 డిసెంబరులో జవాద్ కూడా అంతే, ఉత్తరాంధ్ర మీదికి వస్తుందని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో వేలమందిని శిబిరాల్లో పెట్టారు, అది సముద్రంలోనే నీరసించి ఒడిశా వైపు పోయింది.

నేను ఈ రెండిట్లోనూ అధికారులను తప్పు పట్టడం లేదు, ఆ రోజు వాళ్ల ముందున్న సమాచారానికి అదే సరైన పని. ఫలితం చూసి నిర్ణయాన్ని కొలిస్తే, తాగి బండి నడిపి క్షేమంగా ఇల్లు చేరినవాడు కూడా తెలివైనవాడే అవుతాడు. నా పట్టుదల అంతా దాని తర్వాతి రోజు గురించి. రాకపోయిన తుపానుకి నష్టపోయినవాళ్లను నష్టపోయినవాళ్లుగా ఎవరూ రాసుకోరు. ఇప్పుడు శిబిరం నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు బియ్యం, కొంత నగదు ఇస్తున్నారు, అది తుపాను వచ్చినా రాకపోయినా ఒకేలా చేతికి అందాలి. అది దానం కాదు, ప్రభుత్వం కోరింది కాబట్టి ఆ కుటుంబం పెట్టిన ఖర్చు. అది సరిగ్గా అందిన ఊరు మళ్లీ కదులుతుంది. ప్రశ్న వేసినవారి ఊళ్లో ఆ డబ్బు ఎంతమందికి అందిందో ముందు కనుక్కోండి, మీ సమస్య సగం అక్కడే ఉందనుకుంటున్నాను.

మ్యాపుల_పిచ్చి

నిపుణులే కొట్టుకుంటుంటే ఎవరి మాట వినాలి అనేదానికి పైలిన్ తుపాను కంటే మంచి ఉదాహరణ లేదు. 2013 అక్టోబరులో అది బంగాళాఖాతంలో ఉండగా విదేశీ నిపుణులు కొందరు ఇది సూపర్ సైక్లోన్ అన్నారు, మన వాతావరణ శాఖ గాలి వేగాన్ని తక్కువ చేసి చెబుతోందని విమర్శించారు. మనవాళ్లు మాత్రం 220 కిలోమీటర్ల దగ్గరే ఉండిపోయారు. చివరికి మనవాళ్లదే నిజమైంది, అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటింది.

కానీ నాకు అక్కడ నచ్చింది ఎవరు గెలిచారనేది కాదు. ఆ వాదన జరుగుతున్నంతసేపూ ఒడిశా ప్రభుత్వం దాని కోసం ఆగలేదు. గంటకి 220 అయినా 300 అయినా పూరి గుడిసెలో మనిషిని ఉంచలేం, తీరం దగ్గర లోతట్టులో ఉంచలేం. రెండు అంచనాల్లో ఏది నిజమైనా చేయాల్సింది ఒకటే అయితే, ఆ తేడా తేలేదాకా కూర్చోవడం దండగ. దాదాపు పది లక్షల మందిని కదిలించారు. 1999 అక్టోబరు 29న అదే రాష్ట్రంలో, పారాదీప్ దగ్గర దాటిన సూపర్ సైక్లోన్‌కి పదివేల మంది దాకా పోయారు, పైలిన్‌కి పదుల్లో ఆగింది. మధ్యలో పద్నాలుగేళ్లు వాళ్లు ఊరికే కూర్చోలేదు, షెల్టర్లు కట్టారు, విపత్తుల కోసమే ఒక సంస్థను పెట్టుకున్నారు, ఊళ్లవారీగా ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో రాసుకున్నారు. ఆ వారం తీసుకున్న నిర్ణయం తేలిగ్గా కనిపించడానికి కారణం ఆ పద్నాలుగేళ్లు.

అందుకని నేనైతే మీటింగులో మొదట అడిగే ప్రశ్న 'ఏం జరుగుతుంది?' కాదు. 'ఏం తెలిస్తే మనం చేసే పని మారుతుంది?' అని. గాలి వేగం తెలిసినా పని మారకపోతే దాన్ని పక్కన పెట్టేయొచ్చు. తీరం దాటే టైం పోటు సమయంలో పడుతుందా లేదా అనేది తెలిస్తే ఉప్పెన ఎంత లోపలికి వస్తుందో మారుతుంది, కదిలించాల్సిన వీధులు మారతాయి. బుర్ర, సమయం రెండూ దాని మీద పెట్టాలి.

విశాఖ_నార్త్

అందరూ తుపాను గురించే మాట్లాడుతున్నారు, తుపానుకైతే రోజుల ముందు నుంచే సూచన వస్తుంది. అసలు ఏమీ తెలియకపోవడం అంటే 2020 మే 7 తెల్లవారుజాము. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి బయటికొచ్చింది, జనం నిద్రలో ఉన్నారు, లేచి పరిగెత్తినవాళ్లు దారిలోనే పడిపోయారు. పన్నెండు మంది పోయారు. మొదట వెళ్లిన పోలీసులకి, పక్క కాలనీ కుర్రాళ్లకి అది ఏ గ్యాసో తెలియదు, ఎంతసేపు వస్తుందో తెలియదు, తలుపులు బాదుకుంటూ, పడిపోయినవాళ్లను ఎత్తుకుంటూ వెళ్లిపోయారు. అక్కడ సంభావ్యత ఎంత అని లెక్కేయడానికి ఏ మ్యాపూ లేదు. ఆ రాత్రికే మళ్లీ లీకవుతోందన్న మాట పాకి చుట్టుపక్కలవాళ్లూ రోడ్డెక్కారు. ట్యాంకు చల్లబడుతుందో లేదో ఖాయంగా చెప్పలేని పరిస్థితి, లోపల జరుగుతున్న చర్యను ఆపే రసాయనాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించారు.

ఇలాంటప్పుడు పైవాడి నిర్ణయం కోసం కిందివాడు ఎదురుచూస్తే పని అయిపోయినట్టే. పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు తెలుసు కదా, కాకినాడలో మూడో నంబరు, విశాఖలో పదో నంబరు అని పేపర్లో వస్తుంటాయి. పదితో ఆగదు, పదకొండో నంబరు కూడా ఉంది. దాని అర్థం: వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉందని ఇక్కడి అధికారే స్వయంగా అనుకుంటున్నాడు. ఎప్పటినుంచో ఉన్న ఆ పద్ధతి నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కబురు అందనప్పుడు ఎవరు తేల్చాలో ముందే రాసిపెట్టారు. మన ఊళ్లలో ఎన్నింట ఉంది అలాంటి ఏర్పాటు? ఫోన్ పనిచేయకపోతే గేటు ఎవరు తీస్తారు, స్కూలు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ట్రాక్టరు ఎవరు తీయమంటారు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా మీదుగా పోయాక ఊరంతా కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఇక్కడే మకాం వేసి పనులు చూశారు, రాజకీయంగా ఎవరి అభిప్రాయం వాళ్లది కానీ, సమాచారం నీ దగ్గరికి రాలేనప్పుడు నువ్వే దాని దగ్గరికి వెళ్లాలి అనేది మాత్రం నిజం. ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. ఫోన్ చేసి సాయం అడిగే ఊరు కాస్త నయంగా ఉన్న ఊరు. ఏ కబురూ రాని ఊరికి ముందు మనిషిని పంపాలి.

గంగమ్మ_బిడ్డ

మాది వేట చేసుకునే కుటుంబం. జనం ఎందుకు కదలరో నేను చెబుతాను. బోటు, ఇంజను, వలలు, అంతా అప్పు మీద కొన్నవి, ఒడ్డున వదిలేసి వెళ్తే ఎవరు చూస్తారు? గొడ్డు కట్టేసి ఉంటుంది. శిబిరంలో ఆడవాళ్లకి బాత్రూంకి నీళ్లుండవు, రాత్రి లైటు ఉండదు, వయసొచ్చిన పిల్లతో ఎలా వెళ్తాం. ఇవేవీ వాతావరణం గురించి కాదు. ఎవరు వచ్చి తుపాను ఎంత పెద్దదో ఎంత గట్టిగా చెప్పినా మాకు అర్థం కాక కాదు కూర్చునేది.

1996 నవంబరులో కోనసీమ తుపాను చూడడానికి చిన్నదే, కానీ వెయ్యి మందికి పైగా పోయారు, సముద్రం మీదికెళ్లి తిరిగిరానివాళ్లు ఎంతమందో. మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మాట చెబుతారు. కాబట్టి భయం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. బోట్లను పైకి లాగడానికి ట్రాక్టరు పంపండి, స్కూల్లో నీళ్ల డ్రమ్ములు పెట్టించండి, ఊళ్లో ఇద్దరు పోలీసులు కాపలా ఉంటారని చెప్పండి, తర్వాత రండి మమ్మల్ని పిలవడానికి.

తీరం_సచివాలయం

అందరికీ చాలా థాంక్సండి, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. గంగమ్మ_బిడ్డ గారు, మా హైస్కూల్లో ఆడవాళ్ల బాత్రూంకి తలుపు సరిగా పడదు, ఇది పోయినసారే ఒకావిడ చెప్పింది, రేపే హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడతాను. వరి_గోదావరి గారు అన్న డబ్బు సంగతి కూడా కనుక్కున్నాను, జాబితా పంపారు, అందరికీ పడలేదు.

ఇంకొక్కటి అడుగుతాను. పైవాళ్ల దగ్గర నుంచి అనుమానంగానే ఆర్డర్ వచ్చినప్పుడు మైకులో నేను ఏం చెప్పాలి? రావచ్చు రాకపోవచ్చు అంటే ఎవరూ కదలరు. తప్పకుండా వస్తుంది అంటే, రాకపోతే అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

పాత_రెవెన్యూ

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జనం అనుమానాన్ని అర్థం చేసుకోలేరనుకోవడం మన ఆఫీసుల్లో పాత అలవాటు. వాన పడుతుందో లేదో తెలియకుండానే ప్రతి ఏడూ విత్తనం వేసే రైతుకి అనుమానంలో నిర్ణయం తీసుకోవడం మనం నేర్పేదేముంటుంది. ఇలా అనండి:

'తుపాను మన ఊరి మీదికే వస్తుందని ఇప్పటికి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. వస్తే మాత్రం ఫలానా వీధుల్లోకి నీళ్లొస్తాయి. సాయంత్రం నాలుగు దాటితే బండ్లు నడవవు, అప్పుడు వద్దామన్నా కుదరదు. అందుకని ఆ వీధులవాళ్లు మూడు లోపల స్కూలుకి రండి. డాబా ఇళ్లవాళ్లు, మెరకన ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండండి. అది పక్కకి పోతే రేపు పొద్దున మేమే వచ్చి చెబుతాం, మిమ్మల్ని ఇళ్ల దగ్గర దింపుతాం.'

మెరకనున్నవాళ్లను ఉండమనడం చాలా ముఖ్యమండి. అందరినీ రమ్మంటే మీకే నమ్మకం లేదని జనానికి తెలిసిపోతుంది. ఆ 'రేపు పొద్దున' మాట తప్పకండి, తుపాను రాకపోతే పొద్దున్నే సర్పంచ్ గారిని వెంటబెట్టుకుని వెళ్లి, నిన్న రాత్రి మాకు తెలిసింది ఇంత, అది ఇలా మళ్లింది, అదే పరిస్థితి మళ్లీ వస్తే మళ్లీ పిలుస్తాం అని స్కూలు దగ్గరే నిలబడి చెప్పండి. ఆర్డర్ ఎన్ని గంటలకి వచ్చింది, అప్పటికి బులెటిన్‌లో ఏముంది, ఎవరితో మాట్లాడారు అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. తర్వాత ఎవరైనా అడిగితే మీకు అదే అండ, వచ్చే ఏడాది మీ స్థానంలో వచ్చేవాళ్లకీ పనికొస్తుంది.

మ్యాపుల_పిచ్చి

ఒక్క మాట చేర్చనివ్వండి, మీ మండలంలో కొండ పక్క ఊళ్లు ఉంటే వాటిని కూడా ఆ లెక్కలో పెట్టించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి, అందరి కళ్లూ తీరం మీదే. కానీ ఒడిశాలో ఎక్కువ ప్రాణాలు పోయింది తీరంలో కాదు, లోపల గజపతి జిల్లా కొండల్లో, వానకి కొండచరియలు విరిగిపడి. ఉప్పెన మ్యాపులో ఆ ఊళ్లు కనబడవు. తీరం దాటాక అది ఎటు వెళ్తుంది, ఎంత వాన పడుతుంది అనేది చివరి 12 గంటల బులెటిన్‌లో ఇస్తారు, దాన్ని కొండ పక్క వీఆర్వోలకి కూడా ఎవరైనా చదివి వినిపించేట్టు తహశీల్దార్ గారితో మాట్లాడి పెట్టుకోండి.